బోర్లా వేసిన ముక్క

ఎర్రనది ఒడ్డున నేల చెమటలు పట్టే కాలమని ఒకటుంటుంది. కొత్త సంవత్సరం సందడి అయిపోయాక నెలా నెలన్నర పాటు ఎండ మొహం చూపించదు. వాన అనడానికి వీల్లేని తుంపర ఒకటి పడుతూనే ఉంటుంది. గచ్చు మీద కాలు జారుతుంది, పెట్టెలో మడతపెట్టిన బట్టలకు బూజు పడుతుంది. కుండలూ గిన్నెలూ చేసుకు బతికే మా ఊరికి అంతకన్నా పాడు కాలం లేదు. సారె మీద తీసిన గిన్నె వారమైనా ఆరదు. గోడలకు కొట్టిన బొగ్గు పిడకలు ఆరవు. ఆరని గిన్నెను బట్టీలో పెడితే పగులుతుంది. అందుకని ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. మా అత్తవారింట్లో మాత్రం పేక తీస్తారు.

నేను పుట్టింది అక్కడ కాదు. దక్షిణాన, పడవల మీద సంత జరిగే ఊళ్లో, కొబ్బరికాయలూ అనాసపళ్లూ అమ్ముకునే ఇంట్లో పుట్టాను. నోరు జాస్తి. ఖాయి అనే కుర్రాడు ఒకసారి గిన్నెల లోడుతో మా రేవుకు వచ్చి అమ్మలేక అవస్థ పడుతుంటే, చూడలేక నేనే నిలబడి మధ్యాహ్నంలోగా అన్నీ అమ్మిపెట్టాను. ఏడాది తిరక్కుండా అతని ఇంటికి కోడలినయ్యాను. మా అత్తయ్యకు నా వంటలో చక్కెర ఎక్కువని, నా మాటలో ఉప్పు ఎక్కువని ఫిర్యాదు. రెండూ నిజమే కాబట్టి నేనెప్పుడూ వాదించలేదు.

పేక సంగతి చెప్పాలి. అది చదరంగంలోంచి దిగిన పేక. బల్ల మీద ఉండే సేనాని, మంత్రి, ఏనుగు, బండి, ఫిరంగి, గుర్రం, బంటు అన్నీ సన్నటి పొడుగు ముక్కల మీద ఉంటాయి, సగం ఎరుపు, సగం నలుపు. నలుగురు ఆడతారు. మొదట వేసేవాడు ముక్కను బోర్లా వేస్తాడు, మిగతావాళ్లూ బోర్లానే వేస్తారు. అప్పుడతను తన ముక్క తిప్పుతాడు. దాన్ని కొట్టగలిగిన పెద్ద ముక్క ఉన్నవాళ్లు తమది తిప్పుతారు, లేనివాళ్లు అలాగే వదిలేస్తారు. గెలిచినవాళ్లే మళ్లీ ముందు వేస్తారు. వదిలేసిన ముక్క మొహం చూసే హక్కు ఎవరికీ లేదు.

ఇది ఊరందరి ఆట. మా ఇంటి ఆటలో ఇంకొకటుంది. మా మామగారు చదరంగం పిచ్చివాడు. మా వైపు చదరంగం బల్ల మధ్యలో నది అని ఖాళీ జాగా ఉంటుంది, ఆ నది దాటిన బంటు వెనక్కి రాదు. అలా పోయి పోయి ఎదుటి సేనాని కోట ముందు నిలబడ్డాక దానికి సేనాని తప్ప ఎవడి లెక్కా లేదని ఆయన వాదన. అందుకని ఇంట్లో ఒక నియమం పెట్టారు. ఆట ఆఖరి ముక్కగా ఎవరైనా నల్ల బంటును ముందు వేస్తే, అన్నిటికన్నా చిన్నదైన ఆ ముక్కను ఒక్క ఎర్ర సేనాని తప్ప ఏదీ కొట్టలేదు. అలా ముగించినవాళ్లు ఇంట్లో ఏదైనా ఒకటి అడగొచ్చు. కాదనకూడదు. నా ఆడపడుచు క్వే చిన్నప్పుడలా గెలిచి కుక్కపిల్లను అడిగిందట. మామగారి తమ్ముడు తోన్, అంటే మా చినమావయ్య, గెలిచి అన్న కొత్త సైకిలు అడిగాడట. ఆ సాయంత్రమే తాళం చెవి ఇచ్చేశారు.

నేను కాపురానికి వచ్చేసరికే మామగారు పోయి ఏడాదైంది. కానీ ఆయన ఆ పేకలోనే ఉన్నారు. పని మధ్యలో లేచి, చేతులు కడుక్కోకుండా వచ్చి ఆటకు కూర్చునే అలవాటట. గిన్నెల అంచులకు పూసే గోధుమరంగు మట్టి అంటి, ఎర్ర సేనాని వీపు మీద ఆయన బొటనవేలి ముద్ర పడిపోయింది. గీతలతో సహా కనిపిస్తుంది. అంటే సేనాని ఎవరి చేతిలో ఉందో ఎదుటివాళ్లందరికీ తెలిసిపోతుంది. తెలిసినా తెలియనట్టు కూర్చోవడం మా ఇంటి మర్యాద. మొదటి ఏడు నేను తెలియక, "కొత్త పేక కొనుక్కుంటే పోదా?" అన్నాను. ముగ్గురూ నావైపు చూశారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి ఏడు నెమ్ము కాలం మొదట్లోనే, ఒక మధ్యాహ్నం చినమావయ్య గొడుగు గుమ్మంలో వాల్చి, బొంగు గొట్టంతో పొగ ఒక దమ్ము పీల్చి, అసలు విషయం బయటపెట్టాడు.

"వదినా, అన్న మూడో వర్ధంతి వస్తోంది. ఆ రోజు దీపం ముందర ఒట్టు పెట్టించి, దుయెన్‌ని పూత గదిలోకి తీసుకెళ్లండి. మీ కళ్లు ఇంకో ఏడాది ఆగేలా లేవు."

దుయెన్ అంటే నేనే. పూత గది అంటే వంటింటి వెనక చిన్న గది. పచ్చి గిన్నెలను ముంచి తీసే పూత అక్కడే కలుపుతారు. బట్టీలో కాలాక అది లేత తమలపాకు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూసి మా గిన్నె అని చీకట్లో కూడా చెబుతారు, అంతగా దాని మీద బతుకుతున్నాం. ఆ కలిపే విద్య కొడుక్కి నేర్పుతారు, కోడలికి నేర్పుతారు. కూతురికి నేర్పరు. కూతురు పెళ్లయి పోతుంది, విద్య కూడా దానితో పోతుందని భయం. కలపడం మొదలవగానే క్వే లేచి బయటికి వెళ్లాలి, తలుపు వేసేస్తారు. మా ఆయనకు మామగారే నేర్పారు. ఫలితం ఏమిటంటే, ఆయన కలిపిన పూతతో ఒక బట్టీ మొత్తం కప్ప వీపులా బుడిపెలు కట్టి వచ్చింది. అప్పటినుంచి ఆయన లారీ ఎక్కి సరుకు తోలుకోవడమే మేలని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు, ఆయనతో సహా.

"చినమావయ్యా, నాకు బియ్యప్పిండికీ బూడిదకీ తేడా తెలీదు," అన్నాను. "గిన్నెలిస్తే అమ్ముతాను. కలపమంటే మీ వంశం గిన్నెలన్నీ కప్పలైపోతాయి. క్వేకి నేర్పించండి."

"క్వే రేపు పెళ్లి చేసుకుని పోతే?"

గిన్నెల అంచులు తుడుస్తున్న క్వే తలెత్తకుండానే అంది, "ఎవర్ని బాబాయ్? పిల్లాడెవరైనా నీ జేబులో ఉన్నాడా? ఉంటే తియ్యి, చూద్దాం."

అత్తయ్య తమలపాకు నములుతూ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, "కూతురికి నేర్పమని ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా అత్తగారిని నేనడగలేదు. అది అడిగే విషయం కాదు," అంది.

"అడక్కూడనిది అడగడానికి ఈ ఇంట్లో ఒక దారి ఉందిగా అత్తయ్యా. వర్ధంతిలోగా నల్ల బంటుతో ముగిస్తాను. ముగించి అడుగుతాను."

చినమావయ్యకు పొగ కొరబోయింది. అత్తయ్య నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సేనాని నా చేతిలో ఉండగా నీ పప్పులుడకవే," అంది.

ఆ సాయంత్రం పెరట్లో, గోడ మీద ఆరని బొగ్గు పిడకలను క్వే ఒక్కొక్కటే అరచేత్తో తట్టి చూస్తోంది. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఎందుకు వదినా ఆ పంతాలు? నాకు పెంకుల ఫ్యాక్టరీలో పని దొరికింది," అంది. "వర్ధంతి మర్నాడు బస్సెక్కుతాను. అమ్మకి ఇంకా చెప్పలేదు."

"పెంకులా? నీ చేతికి పెంకులేమిటి?"

"అక్కడ తలుపు వెయ్యరు కదా. పదేళ్ల వయసునుంచి ఆ గది బయట నిలబడ్డాను. వాసన చూసి చెప్పగలను ఈరోజు అమ్మ బూడిద ఎక్కువ వేసిందో తక్కువ వేసిందో. లోపలికి పోయి ఒక్క గరిటె తిప్పే అర్హత లేదు. ఇప్పుడు నువ్వు లోపల, నేను బయట. నీ మీద కోపం లేదు వదినా. కానీ అది చూస్తూ ఉండడం నా వల్ల కాదు."

ఆమె ఏడవలేదు. ఇంకో పిడక తట్టింది. ఒకటి చెప్పాలి. మా ఇంట్లో నేను ఎవర్నైనా అసలు సిసలు అక్కచెల్లెల్లా అనుకున్నానంటే క్వేనే. ఉత్తరాది చలికి నేను ముడుచుకుపోయిన మొదటి శీతాకాలం, బట్టీ పక్కన వెచ్చటి ఇటుకను గుడ్డలో చుట్టి రోజూ నా మంచంలో పెట్టేది.

"బస్సు టికెట్టు కొనకు," అన్నాను. "దండగ."

ఆట మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద మంచం మీద చాప పరిచి అత్తయ్య, చినమావయ్య, క్వే, నేను కూర్చునేవాళ్లం. పల్లీ పాకం ముక్కలూ పచ్చటి టీ మధ్యలో. మా ఆయన లోడు లేని రోజున పక్కన కూర్చుని టీ పోస్తూ అందరికీ సలహాలిచ్చేవాడు. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

పేకలో నాకు చేతకాక కాదు. మా దక్షిణాన ఇవే పేర్లున్న ముక్కలతో నాలుగు రంగుల ఆట ఆడుతూ పెరిగాను. కానీ అత్తయ్య దగ్గర కూర్చుంటే నా తెలివి నీరుగారిపోయేది. నల్ల బంటు నాకు పడితే సేనాని ఆవిడకు పడేది. పడిందా, ఇక ఆఖరిదాకా వదిలేది కాదు. నేను బంటు వేసి తిప్పీ తిప్పకముందే, బొటనవేలి ముద్ర ఉన్న ముక్కను ఠపీమని తిప్పి, "పాపం, నది దాటింది కానీ ఈత రాలేదు," అనేది.

"అమ్మాయ్, కోట దాకా వచ్చినందుకు టీ తాగి వెళ్లు," అనేవాడు చినమావయ్య.

సేనాని నాకే పడిన రోజుల్లో బంటు రాదు. రెండూ నాకే పడిన రోజున, ఆఖరిదానికి ముందరి వంతు క్వే గెలిచేసి ముందు వేసే అవకాశం నా చేతిలోంచి లాగేసుకుంది.

"నీ కోసమే కదే ఆడుతున్నాను," అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఓడిపోయే ఆట ఆడటం నాకు రాదు వదినా," అంది. అది నిజం. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ గుర్తు.

మధ్యలో ఒకరోజు అత్తయ్య నన్ను పూత గది గుమ్మం దగ్గరికి పిలిచింది. వెదురు జల్లెట్లో వరిపొట్టు బూడిద ఉంది. "ఎలా ఉందో చూసి చెప్పు," అంది. చూశాను. బూడిదలా ఉంది. ఆ మాటే చెప్పాను.

"మెత్తగా ఉందా?"

"మెత్తగానే ఉంది అత్తయ్యా. మొహానికి రాసుకోవచ్చు."

అప్పుడే తడి గిన్నెల పలక భుజాన పెట్టుకుని అటు పోతున్న క్వే, ఆగకుండానే, "ఇసుక ఉంది. ఇంకోసారి జల్లించాలి," అంది. వెళ్లిపోయింది.

అత్తయ్య వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. పళ్ల మధ్య కరకరమన్నట్టుంది, మొహం అటు తిప్పుకుని ఉమ్మేసింది. జల్లెడ తీసుకుని మళ్లీ జల్లించడం మొదలుపెట్టింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది, కనబడక. చాలాసేపయ్యాక, నాతో కాదు, జల్లెడతో అన్నట్టుగా అంది, "మా ఆడపడుచుకూ ఇలాగే ఉండేది చెయ్యి. నాకన్నా బాగా ఉండేది."

"ఏమయ్యారావిడ?"

"పెళ్లయి పోయింది. కూరలమ్ముకుంది." అంతే చెప్పింది.

వర్ధంతి రేపనగా తుంపర ఎప్పటిలాగే పడుతోంది. పూజకు కొత్త గుడ్డలు కట్టిన బల్ల మీద మామగారి ఫోటో పెట్టారు. క్వే మంచం కింద సర్దిన సంచీ నాకు కనబడింది. వంటింట్లో రేపటి అన్నానికి బియ్యం నానుతున్నాయి. చినమావయ్య పంచాంగం చూసి నన్ను గదిలోకి తీసుకెళ్లే ఘడియ కూడా నిర్ణయించేశాడు. అంతా అయిపోయినట్టే.

"ఆఖరాటా?" అన్నాను చాప పరుస్తూ.

"ఇంకా బుద్ధి రాలేదా అమ్మాయ్?" అన్నాడు చినమావయ్య.

"మీకు సైకిలు వచ్చేదాకా వచ్చిందా చినమావయ్యా?"

ముక్కలు పంచారు. నాకు ఎర్ర మంత్రులిద్దరూ వచ్చారు. నల్ల బంటు వచ్చింది. తలెత్తి చూశాను. అత్తయ్య చేతిలో ఎడమవైపు చివర ముక్క వీపు మీద బొటనవేలి ముద్ర. క్వే కూడా చూసింది. చూసి కళ్లు దించుకుంది. చినమావయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

సరే, దాన్ని ముందే బయటికి రప్పించాలి. నా వంతు రాగానే ఎర్ర మంత్రిని వేశాను. దాన్ని కొట్టేవి ఇద్దరు సేనానులే. నల్ల సేనాని అప్పటికే చినమావయ్య చేతిలోంచి వెళ్లిపోయింది. అత్తయ్య కొడితే కొట్టాలి. ఆవిడ వేళ్లు ముద్ర ఉన్న ముక్కను దాటుకుని పక్క ముక్కను తీసి బోర్లా వేశాయి. ఇంకో మంత్రిని వేశాను. మళ్లీ అంతే. ఇంకేదో ముక్క వేసింది.

"దాచండి వదినా, దాచండి," అన్నాడు చినమావయ్య. మర్యాద తప్పి ఆ మాట అనేశాడు.

ఆ వంతు నేనే గెలిచాను కాబట్టి ఆఖరి ముక్క నేనే ముందు వేయాలి. నా చేతిలో నల్ల బంటు ఒక్కటే ఉంది. అత్తయ్య చేతిలో కూడా ఒక్కటే ఉంది. దాని వీపు మీద ముద్ర, మావైపు చూస్తూ.

వేరే దారేముంది, వేశాను. క్వే వేసింది, చినమావయ్య వేశాడు. అత్తయ్య తన ముక్కను చాప మీద పెట్టి దాని మీద అరచెయ్యి ఆనించింది. నేను నా ముక్క తిప్పాను.

"నల్ల బంటు," అన్నాడు మా ఆయన టీ కూజా పట్టుకుని, ఎవరికీ కనబడనట్టు.

క్వే తన ముక్కను ముట్టుకోలేదు. చినమావయ్య ముట్టుకోలేదు. ముగ్గురం అత్తయ్య చేతివైపు చూస్తున్నాం. ఆవిడ ఎవరివైపూ చూడలేదు. తర్వాత చెయ్యి తీసి, తమలపాకుల డబ్బా దగ్గరికి లాక్కుని, ఒక ఆకుకు సున్నం రాయడం మొదలుపెట్టింది.

ముక్క తిప్పలేదు. అది చాప మీద బోర్లా ఉంది, మామగారి బొటనవేలు పైకి కనబడుతూ.

"అడుగు," అంది నాతో.

చినమావయ్య ముందుకు వంగాడు. "వదినా, ఆ ముక్క..." అంటూ చెయ్యి చాపాడు.

"తోన్," అంది అత్తయ్య, ఆకు మడుస్తూ. "బోర్లా వేసిన ముక్క మీద చెయ్యి వెయ్యకూడదని ఊరంతటికీ తెలుసు. నీకు తెలీదా?"

చినమావయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆట వేరు, ఆచారం వేరు," అన్నాడు కాస్త తగ్గిన గొంతుతో.

"నీకు సైకిలిచ్చిన రోజు ఆ తేడా గుర్తు రాలేదే. మీ అన్న మారుమాట్లాడాడా?"

ఆయన ఫోటోవైపు ఒకసారి చూశాడు, ముక్కవైపు ఒకసారి చూశాడు. పొగ గొట్టం అందుకుని, పొగాకు పెట్టకుండానే పీల్చాడు.

ఆవిడ కావాలంటే సేనానిని ముందే ఎక్కడైనా వదిలెయ్యగలిగేదే. నా మంత్రుల కింద పడేసి ఉంటే ఇంత తంటా ఉండేది కాదు, నేను హాయిగా గెలిచేదాన్ని. ఆఖరిదాకా ఎందుకు పట్టుకుందో నాకు వెంటనే తెలిసింది. నేను అదృష్టం కొద్దీ గెలిచానని ఎవరూ అనుకోకూడదు. కొట్టగలిగి కొట్టలేదని మేమంతా చూడాలి. చూసి నోరు మూసుకోవాలి.

"పూత గదిలోకి క్వేని తీసుకెళ్లండి అత్తయ్యా," అన్నాను. ఎన్నాళ్లనుంచో సిద్ధం చేసుకున్న మాట. "నన్ను కాదు."

"సరే," అంది. ఆకు నోట్లో పెట్టుకుంది. క్వేవైపు తిరిగి, "మంచం కింద సంచీ ఏమిటే అది? నెమ్ముకి బట్టలన్నీ బూజు పడతాయి. తీసి ఆరెయ్యి," అంది.

క్వే లేచి వెళ్లింది. వంటింట్లో నీళ్ల తొట్టి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్న చప్పుడు వినబడింది. మా ఆయన లేవబోతే నేను మోకాలు నొక్కి కూర్చోబెట్టాను.

మర్నాడు దీపం ముందర క్వే ఒట్టు పెట్టింది. అత్తయ్య ఆమెను లోపలికి తీసుకెళ్లి, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "నువ్వెందుకిక్కడ? పో, పోయి వంట చూడు. చక్కెర తక్కువ వెయ్యి," అని నా మొహం మీదే తలుపు వేసింది. వాళ్లిద్దరూ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ చినమావయ్య అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే చుట్టాలందరికీ ముందురోజు ఆట గెలిచింది దుయెనేననీ, తను కళ్లారా చూశాననీ చెబుతూనే ఉన్నాడు.

ఎండలు రాగానే బట్టీ వెలిగించాం. గిన్నెలు లేత తమలపాకు రంగులో వచ్చాయి. నేను అమ్మాను, నాకు చేతనైన పని అది.

ఆ తర్వాత ఏడు మళ్లీ నేల చెమర్చింది, మళ్లీ చాప పరిచాం. క్వే పూత గదిలోంచి ఆలస్యంగా వచ్చి నేరుగా కూర్చుని ముక్కలందుకుంది. ఆట సగంలో చూస్తే, ఆమె చేతిలోని ఒక ముక్క వీపు మీద గోధుమరంగు ముద్ర తడితడిగా మెరుస్తోంది. చిన్న బొటనవేలు. ఆఖర్న అది నల్ల బంటని తేలింది.

"తండ్రిలాగే. చేతులు కడుక్కోదు," అంది అత్తయ్య. కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ ముద్రను చాలాసేపు చూసింది.

"ఇంక దేని మొహం చూడక్కర్లేదు, అన్నీ వెనకనుంచే తెలిసిపోతున్నాయి," అన్నాడు మా ఆయన టీ పోస్తూ. "కొత్త పేక కొందామా?"

నలుగురం ఆయనవైపు చూశాం. ఆయన టీ పోయడం ముగించుకుని, చాప అంచున సర్దుకుని కూర్చున్నాడు. అత్తయ్య ముక్కలు కలిపి పంచడం మొదలుపెట్టింది.